లిండ్సే లేత్‌ను కదిపిందెవరు

లిండ్సే పెథరిక్ పాలసీసా మీద గీత పెట్టే మనిషి. ఫ్రిజ్జు తెరిచి, సీసాలో పాలు ఎంతవరకు ఉన్నాయో పెన్నుతో సన్నగా గీసి, మళ్ళీ లోపల పెట్టేవాడు. ఇంట్లో ఉండేది తనూ, భార్య గ్లెనిసూ మాత్రమే. పాలు తగ్గితే ఆవిడైనా తాగి ఉండాలి, లేదా ఈయనే తాగి మరిచిపోయి ఉండాలి. అయినా గీత గీతే.

"నేను తాగానో లేదో నన్నే అడగొచ్చుగా మహానుభావా?" అనేది గ్లెనిస్.

"అడిగితే నిజం చెప్తావని ఏంటి గ్యారంటీ?"

పెళ్ళయిన కొత్తలో ఈ మాటకు ఆవిడ ఏడ్చింది. తర్వాత తర్వాత రాటుదేలిపోయి, ఆయన గీసిన గీత కింద తనే ఇంకో గీత గీసి, మొగుడు ఫ్రిజ్జు ముందు నిలబడి తల గోక్కుంటుంటే నవ్వుకోవడం నేర్చుకుంది. నవ్వకపోతే అలాంటి మనిషితో కాపురం చేయడం ఎవరి తరం చెప్పండి!

తప్పంతా ఆయన మీదే తోసెయ్యలేం. అడిలైడ్ ఉత్తరాన కార్ల ఫ్యాక్టరీలో, అచ్చులూ పనిముట్లూ తయారుచేసే టూల్‌రూములో ఆయన జీవితమంతా గడిచింది. అక్కడ సన్నని కొలతలు తీసే మంచి మైక్రోమీటరు బల్ల మీద పెట్టి టీకి వెళ్తే, తిరిగి వచ్చేసరికి దానికి కాళ్ళొచ్చేవి. అందుకని ఆయన ప్రతి పనిముట్టు మీదా తన పేరు చెక్కుకున్నాడు. పనిముట్ల పెట్టె మూతకు సన్నని దారప్పోగు అంటించి వెళ్ళేవాడు. పోగు తెగి ఉంటే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. ఒకసారి నిజంగానే తెగింది, దొంగ దొరికాడు కూడా. ఇక చూసుకోండి, ఆ ఒక్కసారి నిజమైన అనుమానంతో మిగతా జన్మంతా నెట్టుకొచ్చేశాడు. కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ మూతపడింది, మిషన్లు వేలంలో పోయాయి. అనుమానం మాత్రం పెన్షనుతో పాటు ఆయన వెంట ఇంటికొచ్చేసింది.

ఇలాంటి అనుమాన పక్షికి లోకంలో ఒకే ఒక్క మినహాయింపు ఉండేది. పక్కింటి విన్స్ తస్సోనే. ఇటలీ దక్షిణపు కొస నుంచి చిన్నప్పుడే ఓడెక్కి వచ్చిన మనిషి. గోడలకు ప్లాస్టరింగు పని చేసి చేసి భుజాలు దున్నపోతు భుజాల్లా అయిపోయాయి, గొంతు కూడా అంతే. రెండు ఇళ్ళ మధ్య చెక్క కంచె. ఒక ఆదివారం ఇద్దరూ బీరు తాగుతూ, చుట్టూ తిరిగి రావడం విసుగనిపించి, రంపం పట్టుకొచ్చి కంచెలో ఒక గేటు కోసేశారు. దానికి గడియ లేదు. ఓ వైరు ముక్క చుట్టేవారు, అంతే. ఆ గేటులోంచి ఇటు వంకాయలూ తులసాకూ వచ్చేవి, అటు సానబెట్టిన కత్తులూ అతికించిన గొట్టాలూ వెళ్ళేవి. పెరట్లో లిండ్సే పనులు చేసుకునే షెడ్డు రెండో తాళంచెవి విన్స్ వంటింట్లో మేకుకు వేలాడేది. పాలసీసాకు గీత పెట్టే మనిషి షెడ్డు తాళం పక్కింట్లో పెట్టాడంటే ఆ స్నేహం ఎలాంటిదో మీరే ఊహించుకోండి. విన్స్ తప్పితే లిండ్సేకు స్నేహితుడంటూ ఇంకొకడు లేడు. ఉండాలని ఆయన అనుకోనూ లేదు.

ఆ దేశంలో జనవరి అంటే నడి ఎండాకాలం. ఆ ఏడు జనవరి నడుస్తుండగా, విన్స్ గేటు తోసుకుని వచ్చాడు. చేతిలో వంకరపోయిన ఇనప ఇరుసు.

"పోయిందోయ్ లిండ్సే! మా నాన్న కొన్న యంత్రం. దీనికి విడిభాగాలు ఎక్కడా దొరకవు."

అది టమాటాలు పిండే యంత్రం ఇరుసు. ఫిబ్రవరి చివరి శనివారం తస్సోనేల పెరట్లో సాసు రోజు. చుట్టాలందరూ ద్రాక్షపందిరి కింద చేరి, పెట్టెలకొద్దీ టమాటాలు ఉడకబెట్టి, పిండి, ఏడాదికి సరిపడా సాసు సీసాలకెత్తుతారు. ఆ రోజు సీసాలకు మూతలు బిగించే పని లిండ్సేది. చుట్టం కాకపోయినా ఆ కుర్చీ ఆయనదే.

"దీనికంత గోల దేనికి? నేను చేసిస్తా," అన్నాడు లిండ్సే.

విన్స్ షెడ్డులోకి తొంగి చూశాడు. బల్ల మీద, ఇనప కడ్డీని తిప్పుతూ చెక్కే చిన్న లేత్ ఉంది. ఎవరో సరదాకి కొని, సరదా తీరాక చవగ్గా అమ్మేసిన చైనా సరుకు. చంకన పెట్టుకుని పోయేంత ఉంటుంది. "దీని మీదా? ఇది వెన్న తప్ప ఇంకేమైనా కోస్తుందా? నీకు ఇబ్బందైతే చెప్పు బాబూ, మా రోకోకి పెద్ద వర్క్‌షాపు ఉంది. పది నిమిషాల పని."

రోకో అంటే విన్స్ పినతండ్రి కొడుకు. విన్స్ ఆ మాట మంచికే అన్నాడు. కానీ అది లిండ్సే గుండెలో ముల్లులా దిగింది. ఫ్యాక్టరీలో గది అంత లేత్‌లు తిప్పినవాడికి రోకో ఎందుకు?

"నేను చేస్తానన్నాను. చేస్తాను," అన్నాడు.

అయితే విన్స్ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ లేత్‌కి ఒంట్లో గట్టితనం లేదు. ఉక్కును కొంచెం లోతుగా కొరికిందంటే చాలు, కోసే టూలు గజగజ వణికి, కడ్డీ ఒంటిమీద మొసలి చర్మంలా గరుకు తేలేది. ఇరుసుకని తెచ్చిన మంచి ఉక్కు ఒకే ఒక్క ముక్క. దాన్ని ఈ వణుకుడు మిషన్ నోట్లో పెట్టేందుకు మనసొప్పలేదు. కొత్తది కొనేంత స్తోమత లేదు. అందుకని ఉన్నదాన్నే దారికి తేవాలని కూర్చున్నాడు.

టూలు కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన జారుడు పలకల్లో పైదే ఎక్కువ ఊగుతోందని కనిపెట్టి, దాన్ని పీకేసి, దాని స్థానంలో ఒకే ఇనప దిమ్మ పెట్టాడు. ఆ దిమ్మ తుక్కుకొట్లో దొరికిన ట్రాక్టరు బరువు ముక్క. రంపంతో కోసి, ఆకురాయితో రుద్ది రుద్ది చదును చేసేసరికి ఆయన చేతులు బొబ్బలెక్కిపోయాయి. లేత్ ఒంటికింద బోలుగా ఉన్నచోట కంకరపిండిలో ఎపాక్సీ జిగురు కలిపి కూరాడు. జారే భాగాల సందులు బిగించాడు. చివరికి పాత ఇనప మంచం చట్రం ముక్కలతో స్టాండు వెల్డింగు చేసి, షెడ్డు కాంక్రీటు నేలలో కన్నాలు వేసి, నాలుగు కాళ్ళనీ లావుపాటి బోల్టులతో నేలకు బిగించేశాడు. లేత్‌ని దాని మీదకు ఎక్కించడానికి విన్స్‌నే పిలిచాడు.

"మడోన్నా తల్లీ! ఇందులో ఏం కూరావోయ్, మీ అత్తగారినా?" అని విన్స్ ఆయాసపడ్డాడు.

"మా అత్తయితే ఈపాటికి అరిచేది. ఎత్తు!"

మిషన్ ఆన్ చేసి ఓ పాత కడ్డీ పెట్టి తిప్పాడు. వణుకు లేదు, గరగర లేదు. ఇనుము నీలం రంగు చుట్టలు చుట్టుకుంటూ జారిపడింది. కడ్డీని రెండు చివర్లా కొలిస్తే ఒకటే కొలత.

"ఇప్పుడు కదలమను చూద్దాం! భూమి కదిలితే తప్ప ఇది కదలదు," అన్నాడు లిండ్సే, తొడ కొట్టినంత పని చేసి. విన్స్ ఈలవేశాడు. గ్లెనిస్ ఇద్దరికీ బీరు తెచ్చి ఇచ్చింది.

ఇరుసు మొదలుపెట్టే ముందు ఇంకోసారి పరీక్ష చేసుకుందామని, వారం తిరగకముందే మళ్ళీ ఓ కడ్డీ తిప్పాడు. ఈసారి కుడిచివర వెంట్రుకవాసి లావుగా వచ్చింది. తన చేతిదే పొరపాటనుకుని మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే. అంటే లేత్ ఒళ్ళు మెలితిరిగిందన్నమాట. బిగించిన మిషన్ దానంతటది ఎలా మెలితిరుగుతుంది? తిట్టుకుంటూ ఓ కాలి కింద సన్నని రేకు ముక్క దూర్చి సరిచేశాడు. నాలుగు రోజులు బాగానే ఉంది. మళ్ళీ కుడిచివర లావు. మళ్ళీ రేకు ముక్క. మళ్ళీ లావు.

ఇక్కడే దారప్పోగు తెంపిన దొంగ ఆయన బుర్రలో లేచి కూర్చున్నాడు. మిషన్ తనంతట తను కదలదు. ఎవరో కదుపుతున్నారు. షెడ్డుకి తాళం ఉంది. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఛఛ, విన్స్ అలాంటివాడు కాదు అనుకున్నాడు. అనుకుని, మర్నాటి నుంచి విన్స్‌ని గమనించడం మొదలుపెట్టాడు.

ఒకసారి చూడటం మొదలుపెట్టాక కనబడనిది ఏముంటుంది? రోజూ పొద్దున్నే విన్స్ గేటు దగ్గర నిలబడి, "ఏమంటోంది నీ మిషన్? కుదిరిందా?" అని అడుగుతున్నాడు. ఇంతకుముందు ఇన్నిసార్లు అడిగాడా? కుదరలేదంటే చాలు, "పోనీ రోకోకి ఇద్దామా?" అంటున్నాడు. అదీ సంగతి! రోకోకి పని ఇప్పించి, చుట్టాల ముందు రోకోని గొప్పవాణ్ణి చేసి, లిండ్సే పెథరిక్ పని ముగిసిందని అందరికీ తెలియజెయ్యాలి. అందుకే కదా మొదటిరోజే వెన్న అని వెక్కిరించాడు! పైగా షెడ్డు వెనక కంచె పక్కన తడి మట్టి కనబడింది. వాన చినుకు పడి ఎన్నాళ్ళయిందో. దాంట్లో బూటు ముద్ర లేదు కానీ, తుడిచేసి ఉండొచ్చుగా.

"విన్స్, సాయంత్రాలు షెడ్డు వైపు ఎవరైనా వచ్చినట్టు కనబడ్డారా?" అని మాటవరసకు అడిగినట్టు అడిగాడు.

విన్స్ ఒక్క క్షణం చూపు తిప్పుకున్నాడు. "షెడ్డు వైపా? లేదే. నేనేం చూడలేదు," అని, ఆ వెంటనే నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి టమాటాల ధర గురించి ఎత్తుకున్నాడు.

ఆ తిప్పుకున్న చూపు లిండ్సేకు చాలు.

తలుపు సందుకి దారప్పోగు అంటించాడు. లేత్ బోల్టుల మీద సుద్దపొడి చల్లాడు. కిటికీకి టేపు వేశాడు. గ్లెనిస్ చూసి, "ఎవర్ని పట్టుకుందామని ఈ వల?" అంటే, "పడ్డాక చెప్తా," అన్నాడు. మూడోనాడు వెళ్ళి చూస్తే పోగు తెగలేదు, సుద్దపొడి చెదరలేదు, టేపు ఊడలేదు. కానీ కడ్డీ కుడిచివర మళ్ళీ లావు!

బుద్ధున్న మనిషైతే అక్కడ ఆగి, ఎవరూ రాలేదన్నమాట అనుకుంటాడు. మన లిండ్సే ఏమనుకున్నాడో తెలుసా? విన్స్ తను అనుకున్నదానికన్నా గట్టివాడనుకున్నాడు.

ఆ ఆదివారం సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, షెడ్డు వెనక ఏదో చప్పుడైంది. లిండ్సే పిల్లిలా చుట్టూ తిరిగి వెళ్ళాడు. కంచెకి అవతల విన్స్ వంగి, ఊడిన చెక్క సందులోంచి ఇటువైపు చెయ్యి పెట్టి ఉన్నాడు. లిండ్సేని చూడగానే ఉలిక్కిపడి, చెయ్యి లాక్కుని, వెనక్కి పెట్టుకున్నాడు.

"వెనక ఏం దాస్తున్నావ్?"

"ఏం లేదులే."

"చెయ్యి చూపించు."

విన్స్ మొహం ఎర్రబడింది. "చెయ్యి చూపించడమేంటి? నేను మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర కూలివాణ్ణా, సంచీ తెరిచి చూపించి బయటికి పోవడానికి?"

"నా మిషన్ని ఎవడో రోజూ కెలుకుతున్నాడు. తాళంచెవి నీ దగ్గరుంది. రోకో పేరు నీ నోట్లో ఉంది. ఇప్పుడు నా కంచెలో నీ చెయ్యి ఉంది. నన్నేమనుకోమంటావ్?"

విన్స్ పెరట్లో ఆదివారం భోజనానికి వచ్చిన చుట్టాలు పందిరి కింద కూర్చునే ఉన్నారు. ఒక్కసారిగా అందరూ ఇటు తిరిగారు. విన్స్ భార్య ఇమ్మా చేతిలో పళ్ళెంతో అలాగే నిలబడిపోయింది.

"నేను నీ మిషన్ని పాడుచేస్తున్నానంటావ్," అన్నాడు విన్స్ మెల్లగా. ఆయనకు అంత మెల్లని గొంతు ఉందని లిండ్సేకు ఆ రోజు దాకా తెలియదు.

"తాళం ఇచ్చెయ్."

విన్స్ లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చాడు. చేతికివ్వలేదు. గేటుకి చుట్టిన వైరుకు తగిలించి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. లిండ్సే తాళంచెవి జేబులో వేసుకుని, షెడ్డులోంచి స్క్రూలు తెచ్చి గేటును కంచెకు బిగించేశాడు.

ఆ రాత్రి గ్లెనిస్ వంట చేయలేదు. "నీ పాలసీసాకి గీత గీసుకున్నావ్, భరించాను. నా బిస్కెట్ల డబ్బా లెక్కపెట్టావ్, నవ్వాను. కానీ విన్స్‌నా? వాడికి నీ తుప్పుపట్టిన మిషన్‌తో ఏం పనుందయ్యా? నీకు ఉన్నదే ఒక్కడు. ఆ ఒక్కణ్ణీ చుట్టాల ముందు దొంగని చేసొచ్చావ్!"

"తాళం తీసుకున్నానుగా. ఇక చూడు, మిషన్ కుదురుగా ఉంటుంది. అప్పుడు నువ్వే ఒప్పుకుంటావ్," అన్నాడు లిండ్సే. చల్లారిన రొట్టె నములుతూ కూడా ఆయన గెలిచినట్టే మాట్లాడాడు.

నిజానికి ఆయనకు గెలిచినట్టేమీ లేదు. పొద్దున్నే కాఫీ కప్పుతో పెరట్లోకి వెళ్ళి, అలవాటుగా గేటు వైపు నడిచి, స్క్రూలు చూసి తిరిగొచ్చేవాడు. అవతల విన్స్ గొంతు వినబడుతూనే ఉండేది, కానీ ఇటు తిరిగి ఒక్క మాట లేదు. విన్స్ నిజంగా దొంగే అయితే బాగుండునని కూడా లిండ్సే లోలోపల కోరుకున్నాడు. కాకపోతే తను చేసిన పని ఏమవుతుంది?

మిషన్ని సరిచేసి, తాళం తిప్పి, రెండు తాళంచెవులూ జేబులో వేసుకుని తిరిగాడు. వారం పోయాక కడ్డీ పెట్టి తిప్పాడు. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. కుర్చీలో కూలబడ్డాడు.

కొలతలు కలవలేదు. అంతేకాదు, ఈసారి ఎడమచివర లావు! మిషన్ ఇటు కాకుండా అటు మెలితిరిగింది. తాళంచెవులు రెండూ తన జేబులోనే ఉన్నాయి. గేటు బిగించి ఉంది. ఇంక ఎవర్ని అనుమానించాలి? గ్లెనిస్‌నా? ఒక్క నిమిషం పాటు ఆ ఆలోచన కూడా వచ్చిందంటే నమ్మండి.

సరిగ్గా అప్పుడే గ్లెనిస్ షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. ఆమె షెడ్డు మూలనున్న చెట్టు వైపు చూస్తూ మామూలుగానే అంది: "ఆ నిమ్మచెట్టు మళ్ళీ తలవాల్చేసింది చూశావా? మరి విన్స్ నీళ్ళు పొయ్యడం మానేశాడుగా."

"విన్స్ నీళ్ళు పొయ్యడమేంటి?"

"నాకూ నిన్ననే ఇమ్మా చెప్పింది, దుకాణం దగ్గర కలిస్తే. నువ్వు మిషన్ గొడవలో పడి చెట్టు సంగతే మరిచిపోయావ్. ఎండిపోతుంటే చూళ్ళేక రోజూ సాయంత్రం కంచె సందులోంచి పైపు పెట్టి తడిపేవాట్ట. పైకి చెప్తే నువ్వు ఒప్పుకోవుగా. కిందటేడు నీ చెట్టు కొమ్మ కత్తిరించాడని ఎంత రాద్ధాంతం చేశావ్!"

లిండ్సే లేచి షెడ్డు వెనక్కి వెళ్ళాడు. పెరడంతా నల్లరేగడి. ఎండకి చెయ్యి దూరేంత పగుళ్ళు విచ్చి ఉంది. షెడ్డు మూలనున్న నిమ్మచెట్టు చుట్టూ మాత్రం మట్టి ఇంకా చిక్కగా, పగుళ్ళు లేకుండా, అప్పుడప్పుడే ఆరుతోంది. కంచె సందులో పైపు మూతి ఎండిపోయి కనబడుతోంది.

అడిలైడ్‌లో నల్లరేగడి మీద ఇల్లు కట్టుకున్న ప్రతివాడికీ ఆ మట్టి సంగతి తెలుసు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. వానాకాలం తలుపులు పట్టేస్తాయి, ఎండాకాలం గోడలు చీలుతాయి. లిండ్సే ఏటా ఇంటి గోడల చీలికల్లో పుట్టీ నింపేవాడే. ఇంటి గోడల గురించి అంత తెలిసినవాడు, షెడ్డు నేల కూడా ఆ మట్టి మీదే ఉందని మాత్రం తలచలేదు! ఎత్తుపల్లాలు చూసే రసమట్టం తెచ్చి నేల మీద పెట్టాడు. చెట్టువైపు మూల ఇంకా కొంచెం ఎత్తుగానే ఉంది. విన్స్ నీళ్ళు పోసినన్నాళ్ళూ ఆ మూల ఉబ్బింది, కుడిచివర లావైంది. తను రేకులు దూర్చి సరిచేశాడు. నీళ్ళు ఆగాక మూల కుంగింది, ఎడమచివర లావైంది. మామూలుగా బల్ల మీద ఉంటే ఈ పాటి ఎత్తుపల్లం మిషన్‌కి తెలిసేది కూడా కాదు. కదలకూడదని తనే దాన్ని నాలుగు కాళ్ళూ నేలకు బిగించి, నేల ఎటు మెలితిరిగితే అటు మెలితిరిగేలా చేశాడు.

"లిండ్సే? ఏమైంది? అలా తెల్లబోయావేంటి?" అంది గ్లెనిస్.

"వాడు నా చెట్టుకి నీళ్ళు పోస్తున్నాడు గ్లెనిస్. నేను వాణ్ణి చెయ్యి చూపించమన్నాను," అన్నాడు. సిగ్గుతో ఆయన మొహం మెడ దాకా ఎర్రబడింది. ఎంత వెధవ పని చేశాను అని పైకే అనుకున్నాడు, ఒకసారి కాదు.

గ్లెనిస్ ఈసారి ఎగతాళి చేయలేదు. "ఇంకోటి కూడా విను. రోకో ఇరుసు చేసిస్తానన్నాట్ట. లిండ్సే చేస్తానన్నాడు, వాడు చేస్తాడు అని విన్సే వద్దన్నాట్ట. శనివారమే సాసు రోజు. టమాటాలు కూడా దించేసుకున్నారు."

ఆ మాటతో లిండ్సే ఇక ఆగలేదు. నేల బోల్టులు ఊడదీశాడు. రాళ్ళ కొట్లో పక్కన పడేసిన, ఓ మూల విరిగిన సమాధి రాయిని బతిమాలి తెచ్చుకుని, దాని అడుగున మూడంటే మూడే కాళ్ళు పెట్టి, లేత్‌ని ఆ రాతికి బిగించాడు. మూడు కాళ్ళ పీట ఎలాంటి నేల మీదైనా కుదురుగా కూర్చుంటుంది, మెలితిరగడానికి నాలుగో కాలు లేదు. రాయి బరువు మిషన్‌ని వణకనివ్వదు. కడ్డీ తిప్పితే రెండు చివర్లా ఒకటే కొలత. నిమ్మచెట్టుకు తనే బక్కెట్లు పోసి, మర్నాడు మళ్ళీ తిప్పాడు. అదే కొలత. అప్పుడు మంచి ఉక్కు ముక్క తీసి ఇరుసు మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో చేసినన్నాళ్ళూ అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. పూర్తయ్యాక అద్దంలా మెరిసింది.

శనివారం పొద్దున కంచె అవతల కట్టెల పొగ లేచింది. ఉడుకుతున్న టమాటాల వాసన, చుట్టాల కేకలు, సీసాల గలగల. లిండ్సే ఇరుసును పాతగుడ్డలో చుట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళి, స్క్రూలన్నీ విప్పేసి తోశాడు.

గేటు రాలేదు. భుజంతో తోశాడు. రాలేదు.

ఆయన మొహం విప్పారింది. "మట్టే!" అన్నాడు. "గ్లెనిస్, ఇలా రా! నేను బక్కెట్లు పోశాగా, కంచె స్తంభం లేచినట్టుంది. గేటు అడుగున పట్టేసింది." పార తెచ్చి గేటు కింద తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వుతూనే ఉపన్యాసం. "ఇకమీదట మనుషుల్ని అనుమానించేది లేదు. ఒట్టు. అంతా ఈ నల్లరేగడి చేసే మాయ. మనిషి ఏం చేస్తాడు పాపం..."

"లిండ్సే," అంది గ్లెనిస్. "ఆ పార కింద పెట్టు."

"ఒక్క జానెడు తవ్వితే వచ్చేస్తుంది."

"తవ్వకు," అని అవతలి నుంచి విన్స్ గొంతు వినబడింది. కంచెకి ఆనుకునే నిలబడి ఉన్నట్టున్నాడు. "మట్టి కాదు. నేనే ఇటునుంచి బోల్టు వేశాను."

లిండ్సే తవ్వడం ఆపాడు.

"ఇరుసు తెచ్చాను," అన్నాడు.

"మంచిది."

"విన్స్, నిమ్మచెట్టు సంగతి నాకు తెలీదు. నువ్వు నీళ్ళు పోస్తున్నావని తెలీదు. తెలిస్తే ఆ మాట అనేవాణ్ణా? తప్పయిపోయింది."

పెనం మీద ఏదో చిటపటలాడింది.

"నీళ్ళు పోశానని తెలిసింది కాబట్టి ఇవాళ నేను మంచివాణ్ణి," అన్నాడు విన్స్. "తెలియకపోతే? ఇన్నేళ్ళు నీ పక్కన ఉన్నవాణ్ణి, అది చాల్లేదా నీకు?"

ఫ్యాక్టరీ, దారప్పోగు, తిప్పుకున్న చూపు, ఏవీ దానికి సరిపోవని లిండ్సేకు తెలుసు. గ్లెనిస్ ఆయన చేతిలోంచి పార తీసుకుంది.

"ముందువైపు గుమ్మం ఉంది. అక్కడికి రా, బెల్లు కొట్టు," అన్నాడు విన్స్. అడుగుల చప్పుడు దూరమైంది.

లిండ్సే ఇంట్లోంచి వీధిలోకి నడిచి, పక్కింటి ముందు వాకిట్లోకి వెళ్ళాడు. ఆ తలుపు ఏ రంగో కూడా ఆయనకు అప్పటిదాకా తెలియదు, ఆకుపచ్చ. బెల్లు కొట్టి, టోపీ తీసి నిలబడ్డాడు. తలుపు విన్సే తీశాడు. ఏప్రను నిండా టమాటా మరకలు. గుడ్డ విప్పి ఇరుసును అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలితో నిమిరాడు. బాగా కుదిరిందని ఆయన కళ్ళలో తెలుస్తూనే ఉంది. తల ఎత్తి, ఎవరైనా పరాయివాళ్ళు వస్తే పలకరించినట్టు, చాలా మర్యాదగా అన్నాడు:

"థాంక్యూ మిస్టర్ పెథరిక్. లోపలికి రండి. మూతలు బిగించేవాళ్ళు కావాలి."

విన్స్ నోట ఎన్నో తిట్లు తిన్న మనిషి లిండ్సే. ఏదీ ఇంతగా తగల్లేదు. గుమ్మం ముందున్న పట్టా మీద బూట్లు శుభ్రంగా తుడుచుకుని, దారి చూపిస్తున్న విన్స్ వెనకే, ఆ ఇంటికి కొత్తగా వచ్చినవాడిలా లోపలికి నడిచాడు.